మంచుకొండల్లో గంగమ్మకు ఎదురుకోలు

వంక వస్తున్న చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? నీళ్ళు కనిపించక ముందే చప్పుడు వస్తుంది. యాడికి అనే ఊరి దగ్గర, మా అక్కను ఇచ్చిన పల్లెలో నేనది మొదటిసారి విన్నాను. పైన కొండల్లో ఎక్కడో వాన పడింది. ఊళ్ళో చినుకు లేదు, ఎండ చుర్రుమంటోంది. ఏళ్ళ తరబడి ఇసుకా కంపచెట్లూ తప్ప ఏమీ ఎరగని వంకలో, ఆ ఎండు వాగులో, మేకలు మేస్తున్నాయి. ఉన్నట్టుండి సిమెంటు లారీలు వరసగా వస్తున్నట్టు గుడగుడ మొదలైంది. "వంక వస్తాండాది! వంక వస్తాండాది!" అని ఎవరో మిద్దె మీద నుంచి కేక పెట్టారు. అంతే, ఊరు ఊరంతా పరుగందుకుంది.

ఏ వైపు పరిగెత్తారనుకున్నారు? వంక వైపే. అదీ మా వాళ్ళ సంగతి. మేకలవాడు మేకల్ని గట్టుకు తోలుతున్నాడు, ఊరివాళ్ళు గట్టు దిగుతున్నారు. అందరికంటే ముందు మా అక్క. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కర్పూరం, సగం వలిచిన టెంకాయ. ఆమెకు మోకాళ్ళ నొప్పులని ఊరంతా తెలుసు. ఆ రోజు ఆ నొప్పులు ఎక్కడికి పోయాయో ఏమో, నేను వెనకనుంచి "అక్కా, నిదానం" అని అరుస్తూనే ఉన్నాను, ఆమె వినలేదు.

మొదట నురగ వచ్చింది. దాని ముందు కంపలు, ఎండుటాకులు, ఒంటి చెప్పు, ఒక ప్లాస్టిక్ కుర్చీ దొర్లుకుంటూ వచ్చాయి. ఎర్రటి నీళ్ళు ఇసుకను నాకుతూ ముందుకు వస్తుంటే అక్క సరిగ్గా దానికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి, "రా తల్లీ, రా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు, ఒట్టు. నీళ్ళు అక్క మోకాళ్ళ దాకా వచ్చేసరికి మా బావ వచ్చి ఆమెను రెక్క పట్టి గట్టు మీదికి ఈడ్చాడు. అదే వంకలో మునుపొకసారి ట్రాక్టరు కొట్టుకుపోయింది. మనుషులూ పోయారు. అది అందరికీ తెలుసు. తెలిసినా వంక వచ్చిందంటే ఎదురు పోవడం మానరు. ఎన్ని ఏండ్లు ఎదురు చూస్తే వచ్చిన చుట్టమది!

చెరువు నిండింది. మరునాటికి మరువ పారింది, అలుగు మీదుగా నీళ్ళు పొర్లాయి. ఊరి ఆడవాళ్ళంతా వాయినాలు, చీరలు, రవికె గుడ్డలు తెచ్చి నీళ్ళలో వదిలారు. మా అక్క మాత్రం చేతులు కట్టుకొని నిలబడింది.

"నీ చీర యాడక్కా?" అన్నాను.

"నేను మొక్కుకునింది ఈడ పెట్టేది కాదు మే. చెరువు నిండితే గంగమ్మ పుట్టింటికి పోయి పట్టుచీర పెడతానన్యా. ఆయమ్మ పుట్టిల్లు మంచుకొండలు కదా? ఆడికి పోవాల."

నాకు నవ్వొచ్చింది. తాడిపత్రి దాటితే దిక్కులు తెలియని మనిషి మంచుకొండలకు పోతుందట. కానీ అక్క నవ్వలేదు. "నువ్వే నెయ్యాల ఆ చీర. ఇంకెవురి మగ్గం మీదిదీ నాకొద్దు," అంది. అక్కడితో నాకు నవ్వు పోయింది.

మాది ధర్మవరం. నేనూ మా ఆయనా పట్టు నేసేవాళ్ళం. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, మా వీధిలో చీర ఒంటికి అంచు కలపడంలో నా తర్వాతే ఎవరైనా. ఆ చీర మీద నేను పెట్టిన మనసు నా పిల్లల చదువుల మీద కూడా పెట్టలేదు. కుంకుమ రంగు ఒళ్ళు, పసుపు అంచు, జరీ కొంగు. ఒంటి మీద బుటాలు మొదట్లో దూరం దూరంగా వేసి, కొంగు దగ్గరికొచ్చే కొద్దీ దగ్గర దగ్గరగా వేస్తూ పోయాను. చూసేవాళ్ళకు చీర మొదట్లో అక్కడక్కడా చినుకులు పడి కొంగు దగ్గర జడివాన అయినట్టుండాలని నా ఆలోచన. మా ఆయన చూసి, "గంగమ్మ కట్టుకుంటాదో లేదో గానీ నువ్వు మటుకు దీన్ని వదిల్యాలా లేవు," అన్నాడు. నిజమే. మగ్గం మీద నుంచి దించిన రోజు ఒక వ్యాపారి వచ్చి తాకబోతే చెయ్యి తీయమన్నాను.

అనంతపురంలో ఒకాయన వేసవిలో యాత్రలు తిప్పుతాడు. వంటమనిషిని, బియ్యం మూటలను, ఊరగాయ జాడీలను వెంటబెట్టుకొని ఉత్తరదేశం చూపించి తెస్తాడు. మా బావకు పొలం, మా ఆయనకు మగ్గం మీద కొత్త పడుగు. అందుకని అక్కాచెల్లెళ్ళం ఇద్దరమే బయల్దేరాం. రైలులో అక్క చీర సంచిని తల కింద పెట్టుకొని పడుకుంది. నేను దాన్ని తీసి నా తల కింద పెట్టుకున్నాను. పొద్దున లేచేసరికి అది మళ్ళీ ఆమె తల కిందే ఉంది.

కొండల కింద ఊళ్ళో నది దగ్గరికి తీసుకుపోయారు. "ఇదిగో గంగ, పెట్టుకోండమ్మా మీ చీర," అన్నాడు యాత్రలాయన. అక్క మెట్లమీద నిలబడి చూసింది. సబ్బునురగ, పూలదండలు, ఖాళీ సీసాలు. మూతి తిప్పుకొని, "ఇది అత్తిల్లు. పుట్టిల్లు పైన ఉండాది," అని వెనక్కి వచ్చేసింది. ఆ పెద్దమనిషి నా వైపు చూశాడు. నేనేం చేసేది? మా అక్కతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

మరునాడు మంచు చూపిస్తామని చిన్న బస్సులో కొండ మీదికి బయల్దేరదీశారు. మే నెల. మా ఊళ్ళో రోళ్ళు పగిలే ఎండలు, అక్కడేమో ముందురోజు రాత్రంతా కొత్త మంచు పడిందట. డ్రైవరు సన్నటి మనిషి, ఉన్ని టోపీ, మెడలో ఎర్ర దారం. ఎండ ఎక్కకముందే పైనున్న వంకలన్నీ దాటాలి, చీకటితోనే కదలాలి అని ముందే చెప్పాడు. కానీ మా వంటమనిషి ఉగ్గాని చేస్తానన్నాడు. అన్ని రోజుల తర్వాత బొరుగుల వాసన ముక్కుకు తగిలాక మా వాళ్ళు కదులుతారా? ఉగ్గాని అయ్యాక బజ్జీ అన్నారు, బజ్జీ అయ్యాక టీ అన్నారు. బస్సు కదిలేసరికి కొండలన్నీ ఎండలో తళతళా మెరుస్తున్నాయి.

"ఎండొచ్చె కదప్పా, ఇంకేం బయ్యం?" అంది అక్క డ్రైవరుతో. ఆయనకు తెలుగు రాదు. మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు ఉర్దూ మాట్లాడతారు కాబట్టి నాకు ఆయన హిందీ అర్థమవుతుంది. నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కొత్త మంచు మీద ఎండ పడితేనే భయం, మబ్బు పట్టి ఉంటే ఇంత భయం లేదు అన్నాడు. అక్క నమ్మలేదు. ఎండంటే మాకు ఇంట్లో మనిషి. తిట్టుకుంటాం, దానితోనే కాపురం చేస్తాం. అది ప్రాణం తీస్తుందని డ్రైవరు చెబితే నాకూ నమ్మబుద్ధి కాలేదు.

దారి కొండ నడుముకు చుట్టిన మొలతాడులా పోతోంది. పైనుంచి కిందికి దిగే మంచు వంకలు ఒక్కొక్కటే దాటుతున్నాం. ప్రతి వంక దగ్గరా బోర్డు, ఇక్కడ ఆగవద్దని. ప్రతి వంక దగ్గరా డ్రైవరు మెడలో దారం తాకి, కళ్ళకద్దుకొని, వేగం పెంచేవాడు. దాటాక ఒక కథ చెప్పేవాడు. ఈ వంకలో గొర్రెల మంద పోయింది. కాపరి ముందుకు వచ్చి టీ అడుగుతున్నాడు, వెనక్కి తిరిగి చూస్తే మందా లేదు, వచ్చిన దారీ లేదు. ఈ వంకలో దారి పనివాళ్ళ గుడారం పోయింది, పొయ్యి మీద అన్నం గిన్నెతో సహా. ఇదిగో, ఈ వంకలో పెళ్ళి జీపు. మంచు మీద వరుడి తలపాగా కనబడితే అక్కడంతా తవ్వారు. తలపాగా ఒక్కటే దొరికింది. మనిషి మంచు కరిగాక చాలా కింద దొరికాడు.

బస్సులో నవ్వులు ఆగిపోయాయి. నా పక్కన కూర్చున్న ముసలాయన బజ్జీ పట్టుకొని అలాగే ఉండిపోయాడు.

"తలపాగా ఊడిపోయింది కాబట్టి అలా అయింది," అన్నాడు డ్రైవరు. "మా తాతలు చలికాలంలో ఈ వంకలు దాటేటప్పుడు నడుముకు పొడుగాటి ఎర్రతాడు కట్టుకొని వెనక వదిలేవాళ్ళు. మంచు మనిషిని ముంచుతుంది, తాడు తేలికది కాబట్టి పైన తేలుతుంది. తాడు వెంబడే తవ్వుకుంటూ పోతే మనిషి దొరుకుతాడు."

ఇదంతా నేను అక్కకు తెలుగులో చెప్పాను. ఇంకా అర్థం కావాలని, "అక్కా, ఇవి మన వంకల మాదిరే. పైన పడితే కింద వస్తాది. అంతే తేడా, ఇది నీళ్ళు కాదు," అన్నాను. అక్క కిటికీలోంచి బయటికే చూస్తోంది. మంచు కింద నుంచి సన్నటి నీటిధార ఒకటి బయటపడి, దారి అంచున ఎండలో మెరుస్తూ పోతోంది. "సూడు మే, ఎంత సన్నంగా ఉండాదో. పసిబిడ్డ," అంది. ఆమె మొహం చూసి నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆ వంక దాటాక, మలుపులో దారి కాస్త వెడల్పుగా ఉన్నచోట దారి పనివాళ్ళు పారలతో నిలబడి ఉన్నారు. సరిగ్గా అక్కడ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "వాంతి, వాంతి" అని లేచింది. డ్రైవరు బండి ఆపాడు. వాంతి అనే మాట ఏ భాషలో చెప్పినా డ్రైవర్లకు అర్థమవుతుంది. అక్క సంచి పట్టుకొని దిగింది. పాపం, తుడుచుకోవడానికి గుడ్డ కావాలి కదా అనుకున్నాను. ఒక్క నిమిషం తర్వాత కిటికీలోంచి చూస్తే, వాంతి మనిషి ఏ గోడ పక్కనా వంగి లేదు. వచ్చిన దారినే వెనక్కి గబగబా నడుస్తోంది. మోకాళ్ళ నొప్పుల్లేవు.

నాకు ఒళ్ళు మండింది. దిగి పరిగెత్తాను. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయకుండా కొడుతున్నాడు. దారి పనివాళ్ళు చేతులు ఊపుతున్నారు. నేను వంక అంచుకు చేరేసరికి అక్క వంక నడిమధ్యన, నీటిధార పక్కన పళ్ళెం పెట్టుకొని కూర్చొని పసుపు జల్లుతోంది. చీర మడత విప్పింది. గాలి విపరీతం. చీర ఎగిరిపోతుందని జరీ కొంగును తన నడుముకు చుట్టి గట్టిగా ముడేసుకుంది. మిగతా చీరంతా ఆ తెల్లటి మంచు మీద, నీటి వైపుకు పరిచింది. నేను నేసిన కుంకుమ రంగు ఆ ఎండలో ఎలా వెలిగిందో చెప్పలేను. అంత కోపంలోనూ నా కళ్ళు దాని మీదే నిలబడిపోయాయి.

"అక్కా! లెయ్యి! బోర్డు చూసినావా లేదా?"

"ఐపోయ మే. ఒక్క టెంకాయ."

"టెంకాయా లేదు, గింకాయా లేదు! రా!"

అప్పుడు వచ్చింది చప్పుడు.

పైన, చాలా పైన, మొదట ధమ్మని ఒక్కసారి. తర్వాత గుడగుడ. సిమెంటు లారీలు వరసగా వస్తున్నట్టు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, నా ఒళ్ళంతా సంతోషంతో జలదరించింది. వంక వస్తాండాది అని నోటిదాకా వచ్చింది. ఇంతలో కొండ నెత్తిన తెల్లటి పొగ లేచింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అక్క లేచింది. హమ్మయ్య, వస్తోంది అనుకున్నాను. ఆమె నా వైపు తిరగలేదు. పైకి తిరిగింది. పైనుంచి వస్తున్న దానికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించింది.

"అక్కా, అది నీళ్ళు కాదు!" అని నేను అరిచిన అరుపు నా చెవులకే వినబడలేదు. ఎవరో నా జడ పట్టుకొని వెనక్కి లాగారు. డ్రైవరు, బండి దిగి నా వెనకే వచ్చాడు. ఇద్దరం దారి మీద బోర్లా పడ్డాం. గాలి వచ్చి మమ్మల్ని కొట్టింది, నోట్లో ముక్కులో చెవుల్లో చల్లటి పిండి. తర్వాత అంతా ఆగిపోయింది. అంత చప్పుడు తర్వాత అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

లేచి చూశాను. నీటిధార లేదు, పళ్ళెం లేదు, అక్క లేదు. వంక నిండా మంచు ముద్దలు, పగలగొట్టి పోసిన సున్నపు గడ్డల్లా. డ్రైవరు తర్వాత చెప్పాడు, అది చిన్నదట, పెద్దది ఇంకో వైపుకు తిరిగి లోయలోకి పోయిందట. నాకు అప్పుడు చిన్నా పెద్దా ఏం తెలుస్తుంది? "అక్కా" అని ఆ గడ్డల మీదికి ఉరికాను. దారి పనివాళ్ళలో పెద్దాయన ఒకరు, నెరిసిన మీసాలు, నన్ను ఆపలేదు. ఒక మనిషిని కొండ వైపు చూస్తూ నిలబడమని చెప్పి, చేతికి ఈల ఇచ్చాడు. ఈల మోగితే ఎవరూ వెనక్కి చూడకుండా పరిగెత్తాలి. మిగతావాళ్ళు పారలతో నా వెంట వచ్చారు.

ముందు నాకు ఎరుపు కనబడింది.

మంచు గడ్డల మధ్య నుంచి చీర పైకి లేచి, మూరెడంత వంపు తిరిగి, మళ్ళీ మంచులోకి దిగిపోయింది. రెండు కొసలూ లోపలే. డ్రైవరు ఒక కొసను రెండు చేతులా పట్టుకొని లాగబోయాడు.

"లాగొద్దు!" అని వాళ్ళ భాషో మా భాషో తెలియకుండా అరిచాను. పట్టు జారే గుడ్డ. ముడి ఊడిందంటే వరుడి తలపాగా కథే. లాగకూడదు, దాని వెంబడి తవ్వుకుంటూ పోవాలి. ఎటు? డ్రైవరు పై వైపు తవ్వమంటున్నాడు, అక్క నిలబడింది అక్కడే కదా అని. పారలు పై వైపు పడ్డాయి. నేను మోకాళ్ళ మీద కూర్చొని, కనబడుతున్న మూరెడు గుడ్డనూ చేత్తో తుడిచాను. పై కొస వైపు రెండు బుటాల మధ్య నా అరచెయ్యి పట్టింది. కింది కొస వైపు రెండు వేళ్ళే పట్టాయి.

చినుకులు పైన. జడివాన కింద. కొంగు కిందికి పోయింది. కొంగు అక్క నడుముకు ఉంది.

"కిందికి! ఇటు! ఇటు తవ్వండి!" అని నేనే చేతులతో గీకడం మొదలుపెట్టాను. పెద్దాయన నా మొహం చూశాడు, గుడ్డ చూశాడు, ఒక్క మాట అడగలేదు. అందరినీ కింది వైపుకు తిప్పాడు. మంచు సిమెంటులా గట్టిపడి ఉంది. నా గోళ్ళు లేచిపోతున్నాయి, నొప్పి తెలియడం లేదు. బుటాలు దగ్గరవుతున్నాయి. ఇంకా దగ్గరవుతున్నాయి. నేను నేసేటప్పుడు ఒక్కొక్క బుటా దగ్గరా ఒక్కొక్క రోజు ఏమనుకున్నానో అంతా గుర్తొస్తోంది. ఇదిగో ఇక్కడ పోగును అటూ ఇటూ తిప్పే నాడె విరిగింది, ఇక్కడ కరెంటు పోయింది, ఇక్కడ అక్క ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని పోరు పెట్టింది. తర్వాత జరీ తగిలింది. కొంగు! జరీ పక్కన పసుపు అంటిన వేళ్ళు.

ముందు తల బయటపెట్టారు. మొహం నీలంగా ఉంది. పెద్దాయన ఆమె నోట్లో వేలు పెట్టి మంచు తీశాడు. నేను చెంపలు కొడుతున్నాను, తిడుతున్నాను, ఏం తిట్టానో గుర్తు లేదు, గుర్తున్నా రాయకూడదు. అక్క ఒక్కసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, డ్రైవరును చూసింది, నా చేతిలో ముద్దగా ఉన్న చీరను చూసింది.

"చీర యాలా ఎత్తినారు మే?" అంది గొణుగుతూ. "ఇచ్చినాంక తిరిగి తీసుకుంటారా?"

నేను ఆమెను కావలించుకొని భోరుమన్నాను. దారి పనివాళ్ళు ఏమందని అడిగారు. డ్రైవరు నా వైపు చూశాడు, నేను ఏడుపులోనే చెప్పాను. ఆ వంక నడిమధ్యన, ఈలవాడు కొండ వైపు చూస్తూ ఉండగా, అందరూ ఒక్కసారిగా నవ్వారు. తర్వాత ఎవరో మా అక్కను భుజాన వేసుకొని మలుపు దాకా పరిగెత్తారు.

వాళ్ళ గుడారంలో కిరసనాయిలు పొయ్యి దగ్గర అక్కను కంబళ్ళలో చుట్టి కూర్చోబెట్టారు. కాలు మడమ వాచింది, అంతకు మించి ఏమీ లేదు. యాత్రలాయన గుడారం బయట అటూ ఇటూ తిరుగుతూ, ఇంకెప్పుడూ యాడికి వైపు మనుషుల్ని తీసుకురానని అందరికీ చెబుతున్నాడు. అక్క వేడి టీ ఊదుకుంటూ, "నేను నీళ్ళే అనుకున్యా మే," అంది మెల్లగా. "ఆ చప్పుడు ఇన్యాక కాళ్ళు కదల్లేదు. ఎట్ల కదుల్తాయి? అంత పెద్ద చప్పుడు సేసుకుంటా వస్తాంటే, ఎదురు పోకుండా వీపు సూపిస్తామా?" డ్రైవరు వెనక్కి లాగకుంటే నేను కూడా ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలియదు.

పెద్దాయన చీరను పొయ్యి పక్కన ఆరేశాడు. ఆరేస్తూ చేత్తో తడిమి చూశాడు, వెలుగుకు అడ్డంగా పట్టాడు. అంత తవ్వకంలోనూ ఒక్క పోగు లేవలేదు. నాకు ఎంత గర్వం వేసిందో! ఆయన డ్రైవరుతో ఏదో అన్నాడు. నేను విన్నాను గానీ విననట్టు ఊరుకున్నాను.

"ఏమంటాండాడు?" అంది అక్క.

"ఏం లే."

"చెప్పు మే."

చెప్పాను. వాళ్ళ నాన్నకు నడుముకు కట్టుకునే ఎర్రతాడు ఉండేదట. ఇప్పుడు వీళ్ళకెవరికీ లేదట. రోజూ ఆ వంకల్లోనే పార పట్టుకొని నిలబడాలి. ఇలాంటి రంగు మంచులో ఎంత దూరం నుంచైనా కనబడుతుందని అన్నాడు. అడగలేదు. అంత మాట అని, అడగడానికి మొహమాటపడి, పొయ్యికి పంపు కొడుతూ కూర్చున్నాడు.

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. "ఈళ్ళు గంగమ్మ పుట్టింటోళ్ళు కాదా? ఆయమ్మ వాకిట్లోనే కదా ఉండారు. ఇచ్చేయ్. తలా ఒక పేలిక."

"పేలికా?" అని లేచాను. "అక్కా, అది చీర! ఒక్కసారి కూడా ఎవురూ కట్టుకోలా. నేను ఇంతవరకు చీర చింపిన దాన్ని కాదు. నువ్వు కావాలంటే మొత్తం ఒకరికి ఇచ్చేయ్, చింపమని మాత్రం నన్నడగొద్దు."

అక్క గుడారంలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. కొండ వైపు కాపలా నిలబడిన మనిషి పిడికిట్లో ఈల ఇంకా అలాగే ఉంది. నన్ను జడ పట్టి లాగిన డ్రైవరు అరచెయ్యి కోసుకుపోయి ఉంది. నేను ఎవరి మొహమూ చూడకుండా ఉందామని చీర వైపు తిరిగాను. చీర మీద, కొంగు దగ్గర, అక్క వేళ్ళ పసుపు మరక అయిదు చోట్ల అంటి ఉంది. అది చూశాక నా పంతం నిలబడలేదు.

వాళ్ళే చింపితే అడ్డంగా చింపుతారు. అడ్డంగా చింపితే ఒక్కొక్కటీ గజం ముక్క, ఎందుకూ పనికిరాదు. పడుగు వెంబడి నిలువునా చింపాలి, అప్పుడు ఒక్కొక్క పేలికా చీరంత పొడుగు వస్తుంది. నడుముకు కట్టుకున్నా వెనక బోలెడు మిగులుతుంది. ఆ పని నేనే చేయాలి. గుడారంలో దొరికిన బ్లేడుతో కొంగు కొస మీద వరసగా గంట్లు పెట్టాను. ప్రతి పేలికకూ కాస్త జరీ, కొన్ని బుటాలు వచ్చేట్టు చూసుకున్నాను, పెళ్ళిలో వడ్డించేటప్పుడు చూసుకున్నట్టు. పెద్దాయన చేతులు రెండూ ముందుకు చాచి నిలబడ్డాడు, ప్రసాదం పట్టుకోవడానికి నిలబడ్డట్టే.

అక్క కంబళి తీసేసి, వాచిన కాలితోనే లేచి వచ్చి మొదటి గంటుకు ఒక పక్క పట్టుకుంది. నేను రెండో పక్క పట్టుకున్నాను. ఇంట్లో పండగ చీరలు మడత పెట్టేటప్పుడు ఇద్దరం ఇలాగే చెరోవైపు నిలబడతాం. చీర మా ఇద్దరి మధ్య బిగిసింది.

"లాగు మే," అంది అక్క.

లాగాను.